గ్రోస్‌గ్లోక్నర్ కొండదారి: ఎక్కడం ఒక ఎత్తు, దిగడం ఒక ఎత్తు

ఆస్ట్రియాలోని గ్రోస్‌గ్లోక్నర్ హై ఆల్పైన్ రోడ్డు టోల్ కట్టి మాత్రమే ఎక్కగలిగే కొండదారి. కారుకు రోజుకు 40 యూరోలకు పైబడి తీసుకుంటారు. ఆస్ట్రియా మోటారు మార్గాల కోసం అద్దానికి అంటించుకునే వినియెట్ స్టిక్కరు ఉన్నా సరే, ఇక్కడ టోల్ విడిగా కట్టవలసిందే. మొత్తం 48 కిలోమీటర్ల దారికి ఇంత సొమ్ము ఎందుకని మ్యూనిక్‌లో ఉండే మన తెలుగువాళ్ళు చాలామంది నన్ను అడిగారు. వెళ్ళకముందు నేనూ అదే ప్రశ్న వేసుకున్నాను. జూన్ చివరి వారంలో అమ్మానాయనలతో కలిసి ఉదయం నుంచి సాయంత్రం దాకా ఆ దారి మీదే గడిపి వచ్చాక నా అభిప్రాయం ఇది: ఒక రోజంతా కేటాయించగలిగితే ఆ సొమ్ము న్యాయమైనదే. కొండ దాటి అవతలికి పోవడమే మీ పని అయితే దీని జోలికి రావద్దు. పడమటి వైపు ఫెల్బర్‌టావర్న్ సొరంగం ఉంది. అది ఏడాది పొడవునా తెరిచి ఉంటుంది, అక్కడ టోల్ కూడా చాలా తక్కువ.

ఈ సమీక్షలో దృశ్యాల గురించి రాసిన మాటలు నావి, రోడ్డు గురించి రాసిన మాటల్లో సగం మా నాయనవి. ఆయన తిరుపతిలో ఆర్టీసీ డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యారు. సర్వీసులో ఎక్కువ భాగం తిరుమల ఘాట్ మీదే గడిచింది. ఘాట్‌లో బస్సు నడపడానికి మామూలు డ్రైవింగ్ వస్తే చాలదు, దానికి వేరే శిక్షణ ఉంటుంది. ఆ శిక్షణ ఇచ్చిన ఓపిక, శ్రద్ధ ఆయన మాటల్లోనూ నడకలోనూ ఇప్పటికీ కనబడతాయి. తిరుమల మొదటి ఘాట్ రోడ్డును 1944లో తెరిచారు. 1974లో రెండో రోడ్డు వచ్చిన తరువాత కొత్తది ఎక్కడానికీ పాతది దిగడానికీ వాడుకలోకి వచ్చాయి. ఆ పాత రోడ్డులో 36 హెయిర్‌పిన్ మలుపులని మా ఇంట్లో పిల్లలందరికీ ఎక్కాల్లాగా నోటికి వచ్చు. గ్రోస్‌గ్లోక్నర్ దారిలోనూ 36 మలుపులే ఉన్నాయని ముందు రాత్రి నేను చదివి చెప్పినప్పుడు, నాయన మంచం మీద లేచి కూర్చుని, ఒక్కొక్క మలుపునూ తాను చూడాలని, అందుకని తొందరపడి నడపవద్దని నాతో మాట తీసుకున్నారు.

మేము ముందు రోజు సాయంత్రమే త్సెల్ అమ్ జే అనే సరస్సు ఊరికి చేరి అక్కడ బస చేశాం. ఉదయం ఆరున్నరకల్లా బ్రుక్, ఫుష్ గ్రామాలు దాటి ఫెర్లైటెన్ టోల్ గేటు ముందున్నాం. మా ముందు రెండే కార్లు ఉన్నాయి. ఈ రోడ్డుకు వెళ్ళదలచుకున్నవారికి నేనిచ్చే మొదటి సలహా ఇదే: వేకువనే గేటు దగ్గర ఉండండి. పది గంటలు దాటితే మోటారు సైకిళ్ళ గుంపులూ టూరిస్టు బస్సులూ మొదలవుతాయి, ఆ తరువాత మీ వేగం మీ చేతిలో ఉండదు. రాత్రివేళ ఈ రోడ్డు మూసేస్తారు. ఏడాదిలో కూడా ఇంచుమించు మే మొదటి నుంచి నవంబరు మొదటి దాకానే తెరుస్తారు. మిగిలిన నెలల్లో ఇదంతా మంచు కింద ఉంటుంది.

కొండ మీద దారి చాలా పాతది, రోడ్డు మాత్రం కొత్తది. హోఖ్‌టోర్ అనే ఎత్తైన కనుమ గుండా మనుషులు ఎన్నో శతాబ్దాలుగా ఆల్ప్స్‌ను దాటుతూనే ఉన్నారు. 1933లో రోడ్డు పని జరుగుతుండగా ఆ కనుమ దగ్గర రోమన్ల కాలం నాటి చిన్న కంచు హెర్క్యులిస్ విగ్రహం దొరికింది. మధ్యయుగాలలోనూ ఆ తరువాతా ఉత్తరం నుంచి ఉప్పు, దక్షిణం నుంచి ద్రాక్షసారా కంచర గాడిదల మీదా గుర్రాల మీదా ఈ దారిన నడిచాయి. తూర్పు ఆల్ప్స్‌లో బ్రెన్నర్, రాడ్‌స్టాట్ కనుమల తరువాత సరకు రవాణాకు ఇదే ముఖ్యమైన దారిగా ఉండేది. బరువు మోసిన ఆ పశువుల కాలిబాట ముక్కలు ఇప్పటికీ తారు రోడ్డు పక్కన గడ్డిలో అక్కడక్కడ కనబడతాయి. మా అమ్మ వాటిని చూసి, అలిపిరి మెట్లదారి పక్క నుంచి ఘాట్ రోడ్డు పోయినట్టే ఉందని అన్నది. ఆ పోలిక ఎంత సరైనదో మధ్యాహ్నం దాకా నాకు తెలియలేదు.

తారు రోడ్డు వెనక ఉన్న మనిషి ఫ్రాంజ్ వాలాక్ అనే ఇంజనీరు. 1924లో ఈ రోడ్డుకు తొలి నమూనా గీసే పని ఆయనకు అప్పగించారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడి, సామ్రాజ్యం పోయి, చిన్న దేశంగా మిగిలిన ఆస్ట్రియా దగ్గర అప్పుడు డబ్బు లేదు. కార్లు కూడా పెద్దగా లేవు. ఆ పరిస్థితిలో రెండున్నర వేల మీటర్ల ఎత్తున మోటారు రోడ్డు వేద్దామంటే చాలామందికి నమ్మశక్యం కాలేదు. చివరికి ఆర్థికమాంద్యమే దీనికి దారి చూపింది. దేశమంతా నిరుద్యోగం పెరిగినప్పుడు, మనుషులకు పని కల్పించాలనే ఉద్దేశంతో 1930 ఆగస్టులో ఫెర్లైటెన్ దగ్గర మొదటి రాతి పేలుడు జరిపారు. అయిదేళ్ళలో సుమారు 3,200 మంది ఇక్కడ పనిచేశారు. సాల్జ్‌బర్గ్ రాష్ట్ర గవర్నరు ఫ్రాంజ్ రేర్ల్ దీనికి రాజకీయంగా అండగా నిలిచారు. రోడ్డు ఇంకా పూర్తికాకముందే 1934 సెప్టెంబరు 22న ఆయనా వాలాకూ ఒక చిన్న కారులో కొండను దాటి చూపించారు. 1935 ఆగస్టు 3న రోడ్డును లాంఛనంగా తెరిచి, మరునాడే దాని మీద మోటారు పందెం నడిపారు. 2015 నుంచి ఈ రోడ్డు మొత్తం రక్షిత కట్టడాల జాబితాలో ఉంది. అంటే గుడిని కాపాడినట్టు రోడ్డును కాపాడుతున్నారు. నాయనకు ఇది చెప్పినప్పుడు ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత, రోడ్డు వేసినవాళ్ళను తలచుకునే దేశం మంచి దేశమని అన్నారు.

ఇక ఎక్కడం సంగతి. ఫెర్లైటెన్ గేటు 1,151 మీటర్ల ఎత్తున ఉంటుంది. వాహనం పోగలిగే అతి ఎత్తైన చోటు ఎడెల్‌వైస్ స్పిట్జె 2,571 మీటర్లు. ఈ 1,420 మీటర్లు ఎక్కడానికి పట్టే దారి ఇరవై కిలోమీటర్లు కూడా లేదు. ప్రధాన రోడ్డు వాలు ఎక్కడా 12 శాతాన్ని మించకుండా వాలాక్ జాగ్రత్తపడ్డాడు. ప్రతి హెయిర్‌పిన్ దగ్గరా ఒక పలక ఉంటుంది. దాని మీద మలుపు సంఖ్య, దాని పేరు, సముద్రమట్టం నుంచి ఎత్తు రాసి ఉంటాయి. నాయన ప్రతి పలకనూ బిగ్గరగా చదివారు. జర్మన్ పేర్లు ఆయన నోట ఎలా పలికినా ఎత్తు అంకెలు మాత్రం తప్పలేదు. నాలుగో మలుపు దగ్గర ఆయన గమనించిన విషయం నేను ఎప్పటికీ గమనించి ఉండేదాన్ని కాదు. మలుపు తిరిగే చోట రోడ్డును వెడల్పు చేశారు, వాలు తగ్గించి దాదాపు సమతలం చేశారు. మలుపుకు ముందూ తరువాతా రోడ్డు ఎంత నిటారుగా ఉన్నా, స్టీరింగు తిప్పే ఆ పది గజాలలో ఇంజన్‌కు ఊపిరి తీసుకునే వీలుంది. ఘాట్ రోడ్డు బాగోగులు మలుపులోనే తెలుస్తాయని, ఇది వేసిన మనిషి బండి బాధ తెలిసినవాడని ఆయన తీర్పు చెప్పారు. నేను ఆ మాటను ఈ సమీక్షలో అన్నింటికంటే పైన పెడతాను.

మన దేశంలో ఎడమవైపు నడిపి ఇక్కడికి వచ్చినవారికి ఒక హెచ్చరిక. కుడివైపు నడిపే ఈ దేశాల్లో, ఎక్కేటప్పుడు కుడికి తిరిగే హెయిర్‌పిన్‌లే కష్టమైనవి. మనం లోపలి అంచున ఉంటాం కాబట్టి మలుపు మరీ బిగువుగా, నిటారుగా ఉంటుంది. మన చేతుల అలవాటు ఎడమ మలుపులకు జాగ్రత్తపడమంటుంది. మొదటి ఏడెనిమిది మలుపుల దాకా నాకు ఆ తికమక తప్పలేదు. మలుపుకు చాలా ముందే వేగం తగ్గించి, రెండో గేరులోకి వచ్చి, చూపును మలుపు చివరకు పంపి, అప్పుడు స్టీరింగు తిప్పడం అలవాటయ్యాక దారి సులువైంది.

దారిలో తెలుపూ నలుపూ చారలు అంటించి రూపు కనబడకుండా చేసిన కార్లు మాకు మూడు ఎదురయ్యాయి. ఇంకా మార్కెట్లోకి రాని కొత్త కార్లను కంపెనీలు ఈ దారికి తెచ్చి పరీక్షిస్తాయి. ముఖ్యంగా బ్రేకులనూ ఇంజన్‌నూ ఈ వాలు ఎంత గట్టిగా పరీక్షిస్తుందో వాళ్ళకు తెలుసు. ఆ చారల కార్లను చూసి నేను ముచ్చటపడ్డానే తప్ప, అవి ఇక్కడికి ఎందుకు వస్తాయన్నది నా కారు విషయంలో ఆలోచించలేదు. అది కొద్దిసేపట్లో తెలిసొచ్చింది.

ఫుషర్ టోర్ల్ దగ్గర, 2,428 మీటర్ల ఎత్తున, రోడ్డు పనిలో ప్రాణాలు పోగొట్టుకున్నవారి కోసం క్లెమెన్స్ హోల్ట్స్‌మైస్టర్ అనే వాస్తుశిల్పి రూపొందించిన రాతి స్మారకం ఉంది. పెద్ద ఆడంబరం లేదు, కొండ రాయితోనే కొండ మీద కట్టిన చిన్న కట్టడం అది. చాలా కార్లు దాని ముందు నుంచే పోతాయి, దిగేవారు తక్కువ. దయచేసి దిగండి. అక్కడి నుంచి ఎడెల్‌వైస్ స్పిట్జెకు చీలిపోయే చిన్న దారి రాళ్ళు పరిచినది, ఇరుకైనది, బస్సులను అనుమతించరు. మేము ఎక్కుతుంటే పై నుంచి దిగుతున్న కారు వెడల్పున్న చోట ఆగి మాకు దారి ఇచ్చింది. ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలన్న మన ఘాట్ మర్యాద ఇక్కడా ఉందని నాయన ఆ డ్రైవరుకు చెయ్యెత్తి నమస్కారం చేశారు. పై నుంచి చుట్టూ మూడు వేల మీటర్లు దాటిన శిఖరాలు ముప్ఫైకి పైగా కనబడతాయని చెబుతారు. నేను లెక్కపెట్టలేదు. మంచు మీద ఉదయపు ఎండ పడి కళ్ళు చికిలించుకునేటంత వెలుగుగా ఉంది. అమ్మ చెప్పులు విప్పి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, గోడ వారగా మిగిలిన మంచు మీద ఒక అడుగు వేసి, కాలు వెనక్కి తీసుకుని, మళ్ళీ వేసింది. అరవై రెండేళ్ళ వయసులో ఆమె మంచును తాకడం అదే మొదటిసారి. చల్లదనం సంగతి చెప్పనే లేదు. అడుగు వేస్తే ఉప్పు గల్లు మీద నడిచినట్టు చప్పుడవుతోందని అన్నది.

అక్కడి నుంచి రోడ్డు ఫుషర్ లాకె అనే చిన్న చెరువు దగ్గరకు దిగి, మళ్ళీ ఎక్కి, 2,504 మీటర్ల ఎత్తున హోఖ్‌టోర్ సొరంగంలోకి పోతుంది. 311 మీటర్ల ఆ సొరంగంలో రాష్ట్రం మారుతుంది. ఇటు సాల్జ్‌బర్గ్, అటు కరింథియా. చెరువు పక్కన ఉన్న చిన్న ప్రదర్శనలో రోడ్డు కట్టిన నాటి ఫొటోలు ఉన్నాయి. ప్రతి వసంతంలో మంచు తొలగించే పని గురించి అక్కడ తెలుసుకున్నది నన్ను ఆశ్చర్యపరిచింది. తొలి సంవత్సరాలలో మూడు వందల యాభై మంది పారలతో రెండు నెలలకు పైగా తవ్వితే గానీ ఒక వరుస దారి తేలేది కాదు. వాలాక్ తానే మంచును కోసి పక్కకు ఎగజిమ్మే తిరుగుడు యంత్రాన్ని రూపొందించాడు. 1953 నుంచి ఆ యంత్రాలే ఈ పని చేస్తున్నాయి, ఇప్పటికీ. రోడ్డు కట్టిన మనిషే దాన్ని ఏటేటా తెరిచే పనిముట్టును కూడా చేసి ఇచ్చాడన్నమాట. మనం కట్టే టోల్‌లో కొంత ఈ మంచుకే పోతుందని గుర్తుపెట్టుకుంటే 40 యూరోలు అంత బరువనిపించవు. పార్కింగుకూ ప్రదర్శనలకూ మళ్ళీ విడిగా డబ్బు అడగరు కూడా.

సొరంగం దాటాక దిగడం మొదలైంది. ఈ రోడ్డు గురించి తెలుగులో గానీ ఇంగ్లిషులో గానీ నేను చదివినవాటిలో ఎక్కువ భాగం ఎక్కడం గురించే రాశారు. నా అనుభవంలో అసలు పరీక్ష దిగడంలోనే ఉంది. హోఖ్‌టోర్ నుంచి 1,288 మీటర్ల ఎత్తున ఉన్న హైలిగెన్‌బ్లూట్ గ్రామానికి దిగేటప్పటికి 1,200 మీటర్లకు పైగా కిందికి వస్తాం. తిరుమల నుంచి అలిపిరికి దిగేదానికంటే ఇది చాలా ఎక్కువ. మాది ఆటోమేటిక్ కారు. గేరును డి లో ఉంచి, ఎదురుగా విప్పుకుంటున్న లోయను చూస్తూ, వేగం పెరిగినప్పుడల్లా బ్రేకు మీద కాలు ఆనించి దిగుతున్నాను. నాలుగైదు కిలోమీటర్లు వచ్చాక కారులోకి కాలిన రబ్బరుకూ ఇనుముకూ మధ్యరకం ఘాటు వాసన వచ్చింది. ముందు వెళుతున్న బస్సు పొగ అనుకున్నాను. నాయన అప్పటికే కిటికీ దించి వాసన చూశారు.

“అమ్మా, ఇది మన బండి వాసనే. ముందర జాగా కనబడతానే పక్కకు తియ్యి. బ్రేకు ఊరికే తొక్కుకోని ఉండొద్దు, తొక్కు, వదులు,” అన్నారు. గొంతు పెంచలేదు.

వంద గజాలలో కార్లు ఆగే చోటు దొరికింది. దిగి చూస్తే ముందు చక్రాల దగ్గర గాలి, మే నెల మధ్యాహ్నం తారు రోడ్డు మీద వణికినట్టు వణుకుతోంది. నేను నీళ్ళ సీసా తీశాను. ఆయన చెయ్యి పట్టుకుని ఆపారు. ఎర్రగా కాగిన ఇనుము మీద చన్నీళ్ళు పోస్తే డిస్కు వంకర పోతుంది, పగిలినా పగులుతుంది; గాలికి చల్లారనివ్వడమే మందు. అలా ఇరవై నిమిషాలు ఆ గోడ మీద కూర్చుని ఆయన నాకు చెప్పిన పాఠం, ఘాట్ దిగే ప్రతి మనిషికీ తెలియాలి కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. బ్రేకు చేసే పని బండి వేగాన్ని వేడిగా మార్చడం. వాలు మీద అదేపనిగా కాలు ఆనించి ఉంచితే ఆ వేడి పోవడానికి సందు దొరకదు. ప్యాడ్లు పట్టు తప్పుతాయి, గొట్టాల్లో ఉన్న బ్రేకు నూనె మరిగి బుడగలు పడితే పెడలు మెత్తగా అడుక్కు పోతుంది, బండి మాత్రం ఆగదు. అందుకని వేగాన్ని పట్టుకునే పని ఇంజన్‌కు అప్పగించాలి. “ఏ గేర్లో ఎక్కితే ఆ గేర్లోనే దిగాల” అన్నది ఘాట్ డ్రైవర్ల మొదటి సూత్రం. చిన్న గేరులో యాక్సిలరేటరు వదిలేస్తే ఇంజనే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. ఇంకా వేగం మిగిలితే మలుపుకు ముందు గట్టిగా, కొద్దిసేపు తొక్కి, పూర్తిగా వదిలెయ్యాలి. ఆటోమేటిక్ కారులోనూ గేరును చేత్తో మార్చుకునే ఏర్పాటు ఉంటుంది. అది దేనికో నాలుగేళ్ళుగా ఆ కారు నడుపుతున్న నాకు ఆ రోజు తెలిసింది. మళ్ళీ బయలుదేరి రెండో గేరులో దిగితే ఇంజను కొంచెం గట్టిగా మూలిగింది గానీ, నా కాలు బ్రేకు మీదకు మలుపుకు ఒక్కసారే వెళ్ళింది.

కొండ మధ్యలో గుట్టాల్ అనే చోట రోడ్డు చీలుతుంది. ఎడమకు పోతే హైలిగెన్‌బ్లూట్. కుడికి పోతే మళ్ళీ ఎక్కుతూ కైజర్ ఫ్రాంజ్ యోసెఫ్స్ హోయె అనే 2,369 మీటర్ల గట్టుకు చేరతాం. 1856లో ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాంజ్ యోసెఫ్ ఇక్కడికి వచ్చినందున ఆ పేరు. 3,798 మీటర్ల గ్రోస్‌గ్లోక్నర్, ఆస్ట్రియా మొత్తంలో ఎత్తైన శిఖరం, ఇక్కడ సరిగ్గా ఎదురుగా నిలబడుతుంది. దాని పాదాల దగ్గర ఉన్నది పాస్టెర్ట్సె, ఆస్ట్రియాలో అన్నింటికంటే పొడవైన హిమానీనదం. అందమైన ఫొటోలు చూసి వచ్చేవారు ఇక్కడ మనసు కొంచెం దిటవు చేసుకోవాలి. చక్రవర్తి చూసిన నాటి మంచు ఈ గట్టుకు ఎంతో దగ్గరగా, ఎంతో ఎత్తున ఉండేది. అప్పటి నుంచి హిమానీనదం సగానికి పైగా కరిగిపోయింది. 1879 నుంచి ఏటా దాని హద్దు కొలుస్తున్నారు. మంచు అంచుకు దించడానికి 1963లో కట్టిన చిన్న రైలుమార్గం చివర నిలబడినా మంచు ఇప్పుడు ఎక్కడో దూరాన ఉంది. కిందికి దిగే కాలిదారిలో ఏ సంవత్సరంలో మంచు ఎంతవరకు ఉండేదో చెప్పే గుర్తులు పెట్టారు. ఒక గుర్తు నుంచి మరొక గుర్తుకు నడుస్తూ నేను పుట్టిన సంవత్సరం దాటాను, బడిలో చేరిన సంవత్సరం దాటాను, మంచు మాత్రం ఇంకా రాలేదు. బూడిదరంగు రాళ్ళ మధ్య పాలు కలిపినట్టున్న నీళ్ళ మడుగు ఒకటి కింద నిలిచి ఉంది. ఈ రోడ్డు మీద ఇంతకంటే అందమైన చోట్లు చాలా ఉన్నాయి, కానీ ఇంటికి వచ్చాక నాకు ఎక్కువసార్లు గుర్తొచ్చింది ఈ నడకే.

గట్టు మీద గోడ పక్కన మర్మోట్లు ఉంటాయి. ఉడుత జాతివే గానీ పిల్లి కంటే పెద్దవి, బొద్దుగా, గోధుమరంగులో ఉంటాయి. ఒకటి వెనక కాళ్ళ మీద నిలబడి అమ్మ చేతిలో ఉన్న డబ్బా వైపు చూసింది. వాటికి మన తిండి పెట్టకూడదు. అమ్మకు అది కష్టంగానే తోచింది గానీ, డబ్బా మూత పెట్టేసింది. ఆ డబ్బాలో ఉన్నది పులిహోర. భోజనం విషయంలో నా సలహా కూడా అదే: మీ భోజనం మీరు తెచ్చుకోండి. ముందుగా టిఫిను కోసం దారిలో ఒక హోటల్లో ఆగితే, గోరువెచ్చని కాఫీకీ, నిన్నటిదనిపించిన రొట్టెకూ మేమిచ్చిన సొమ్ముతో కింద ఊళ్ళో ముగ్గురం కడుపునిండా తిని ఉండేవాళ్ళం. శాకాహారులకు కొండ మీద జున్నుతో చేసిన పిండి ఉండల కూర, కైజర్‌ష్మార్న్ అనే తీపి అట్టు ముక్కలు దొరుకుతాయి. రెండోది పిల్లలకు బాగా నచ్చుతుంది. కూర్చుని తినడానికి ఆగుదల చోట్లు ఎన్నో ఉన్నాయి, చెత్త ఎక్కడా కనబడలేదు.

మధ్యాహ్నం రెండు గంటలకు గట్టు మీద జనం బాగా పెరిగారు. కార్లు నిలిపే కట్టడం నిండుతుండగా మేము దిగిపోయాం. ఈ గట్టుకు పదకొండు లోపు చేరేలా చూసుకోవడం మంచిది. ఎడెల్‌వైస్ స్పిట్జెను తిరుగు ప్రయాణానికి పెట్టుకున్నా తప్పు లేదు, సాయంత్రం అక్కడ వెలుగు బాగుంటుంది.

హైలిగెన్‌బ్లూట్ అంటే పవిత్ర రక్తం. బ్రిక్సియస్ అనే భక్తుడు కాన్‌స్టాంటినోపుల్ నుంచి క్రీస్తు రక్తబిందువులున్న చిన్న సీసాను కాలి పిక్కలో దాచుకుని తెస్తూ ఇక్కడ మంచు కింద పడి చనిపోయాడని, ఆ మంచులోంచి మూడు గోధుమ వెన్నులు మొలిచి ఆయన ఉన్న చోటు చూపాయని స్థలపురాణం. సన్నని గోపురంతో ఉన్న ఆ ఊరి చర్చి వెనక సరిగ్గా గ్రోస్‌గ్లోక్నర్ శిఖరం నిలబడి ఉంటుంది. ప్రతి సంవత్సరం జూన్ 28న కొండకు ఉత్తరాన ఉన్న పిన్త్స్‌గావ్ ప్రాంతం నుంచి భక్తులు కాలినడకన హోఖ్‌టోర్ దాటి ఈ చర్చికి వస్తారు; తారు రోడ్డు పుట్టకముందు నుంచీ వస్తున్నారు, రోడ్డు వచ్చాకా నడవడం మానలేదు. చర్చిలో ఈ సంగతి విన్నప్పుడు అమ్మ నా వైపు చూసింది. పొద్దున ఆ కాలిబాట ముక్కలను చూసి ఆమె అన్న అలిపిరి మాట ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. ఆమె చర్చి మెట్ల మీద కూర్చుని, తన మోకాళ్ళు బాగున్న రోజుల్లో మూడుసార్లు నడిచి కొండెక్కిన సంగతి చెప్పింది.

టికెట్టు ఆ రోజంతా చెల్లుతుంది కాబట్టి వచ్చిన దారినే తిరిగి వెళ్ళాలని నాయన పట్టుబట్టారు. చుట్టూ తిరిగి మోటారు మార్గం మీదుగా పోతే మ్యూనిక్ చేరడం సులువని నేనన్నాను. ఒక ఘాట్‌ను ఒక వైపు నుంచే చూస్తే సగమే చూసినట్టని ఆయన అన్నారు. ఆయన మాటే సరైనది. ఉదయం ఎక్కేటప్పుడు మన వీపు వెనక ఉన్న ఫుష్ లోయ, సాయంత్రం దిగేటప్పుడు ఒక్కొక్క మలుపు దగ్గరా కొంచెం కొంచెంగా ముందుకు వచ్చింది. కింద ఫెర్లైటెన్ పచ్చికలో ఆవుల మెడగంటల చప్పుడు, మనుషులు కనబడేంత దగ్గరకు రాకముందే వినబడింది. పలకల మీది ఎత్తు అంకెలను నాయన ఈసారి తగ్గుతున్న వరుసలో చదివారు. నేను ఎక్కిన గేరులోనే దిగాను.

గేటు దాటాక ఆయన కారు ఆపమన్నారు. దిగి, చుట్టూ తిరిగి, నాలుగు చక్రాల దగ్గరా వంగి, ముట్టుకోకుండా అరచేతిని జానెడు దూరంలో పెట్టి చూశారు. ముందు కుడి చక్రం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఉన్నారు. తరువాత చెయ్యి తుడుచుకుని వచ్చి సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నారు.

“చల్లగా ఉంది. ఇంక పోదాం పా,” అన్నారు.